కేసున్న మనిషిని ప్రేమించినవాళ్లకు

శిక్ష వేసేముందు కొన్ని కేసుల్లో కోర్టు ప్రొబేషన్ అధికారిని ఒక మాట అడుగుతుంది: ఇతన్ని జైలుకు పంపాలా, మంచి నడవడికతో ఉంటానని బాండు రాయించుకుని ఇంటికి పంపాలా? 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద నేను చేసిన ఉద్యోగం అదే. ఊరికి వెళ్లేదాన్ని. అరుగు మీద కూర్చుని తల్లితో, పక్కింటివాళ్లతో, అతను పనిచేసిన చోట మేస్త్రీతో, వీలైతే దెబ్బ తిన్నవాళ్లతో కూడా మాట్లాడి వచ్చి రిపోర్టు రాసేదాన్ని. రిటైరయ్యాక ఆడపిల్లలు రావడం మొదలైంది. "ఆంటీ, అతని మీద కేసుంది. మనిషి మంచివాడే. ఏం చెయ్యమంటారు?" అని అడుగుతారు. వాళ్లు వెళ్లిన కొన్నాళ్లకు తల్లిదండ్రులు వస్తారు. వాళ్లందరికీ విడివిడిగా చెప్పిన మాటల్ని ఒకచోట పెడుతున్నాను.

1. ఏ కేసో ముందు తెలుసుకోండి

"జైలుకెళ్లొచ్చాడట" అనగానే మన ఇళ్లలో మాట తెగిపోతుంది. ఏం చేసి వెళ్లాడని అడిగేవాళ్లు తక్కువ. 2022 చివరికి దేశంలోని జైళ్లలో ఉన్న 5.73 లక్షల మందిలో 4.34 లక్షల మంది విచారణ ఖైదీలు. వాళ్లు నేరం చేశారని ఏ కోర్టూ ఇంకా తేల్చలేదు. బెయిలొచ్చినా జామీను పడే దిక్కులేక లోపలే ఉండిపోయినవాళ్లను ఎందర్నో చూశాను.

సంక్రాంతికి కోడిపందేల బరి దగ్గర దొరికినవాడిదీ కేసే. గట్టు తగాదాలో దాయాది తల పగలగొట్టినవాడిదీ కేసే. చెక్కు చెల్లక కోర్టుకెక్కినవాడిదీ కేసే. విశాఖ మన్యం నుంచి గంజాయి మోసుకొస్తూ దొరికిపోయిన కుర్రాళ్లుంటారు. సరుకు ఇరవై కిలోలు దాటితే కనీస శిక్షే పదేళ్లు. వాళ్లలో అవసరానికి ఒక్కసారి ఒప్పుకుని బుక్కయినవాడుంటాడు, అదే బతుకుతెరువుగా పెట్టుకున్నవాడూ ఉంటాడు. సెక్షన్ ఇద్దరికీ ఒకటే. మీరు మాట్లాడుతున్నది వాళ్లిద్దరిలో ఎవరితోనో తెలుసుకోవాలి. రౌడీషీటు సంగతి వేరు. కోర్టులో శిక్ష పడకపోయినా స్టేషన్లో షీటు తెరుస్తారు. అది ఇంకా నడుస్తుంటే పండక్కీ ఎన్నికలకీ పోలీసులు ఇంటి గుమ్మంలోకి వస్తారు, పెళ్లయ్యాక ఆ గుమ్మం మీది కూడా. అడిగి తెలుసుకోండి.

2. తనంతట తను చెప్పాడా?

నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద పరీక్ష ఇది.

కోనసీమలో ఒక వడ్రంగి ఉన్నాడు. ఇరవై ఏళ్ల వయసులో తాగిన గొడవలో కర్ర తీసుకుని కొట్టాడు, ఎదుటి మనిషి చనిపోయాడు. శిక్ష పడింది. వడ్రంగం జైల్లోనే నేర్చుకున్నాడు. సత్ప్రవర్తన మీద విడుదలై వచ్చి తలుపులు, కిటికీలు చేసుకుంటూ ఉండగా ఓ టైలరమ్మాయితో పరిచయమైంది. అక్కా బావా మాత్రం "పెళ్లయ్యాక నెమ్మదిగా చెప్పొచ్చు, ముందే ఎందుకురా" అన్నారు. అతను వినలేదు. రెండోసారి కలిసినప్పుడే రావులపాలెం బస్టాండులో బెంచీ మీద కూర్చోబెట్టి, ప్లాస్టిక్ కవర్లోంచి తీర్పు కాపీ తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఎవరో చెప్పగా వినేకంటే ఇది చదవండి. చదివాక మళ్లీ కలవకపోయినా నేనేమీ అనుకోను" అన్నాడు. ఆ కాగితాలు మడతల దగ్గర చిరిగి, సెలోటేపు అంటించి ఉన్నాయట.

ఆ పిల్ల తెలివైంది. కేసు గురించి ఒక్క ప్రశ్నా వెయ్యలేదు. "ఆ చనిపోయినాయనకు పిల్లలున్నారా? ఇప్పుడేం చేస్తున్నారు?" అని అడిగింది. అతనికి తెలుసు. పెద్దవాడు ఆటో నడుపుతున్నాడని, చిన్నమ్మాయికి పెళ్లయిందని, వాళ్ల వీధిలోకి తను వెళ్లడని, ఎదురైతే పక్కకు తప్పుకుంటానని చెప్పాడు. నేను కోర్టుకు రిపోర్టులు రాసిన రోజుల్లో వెదికింది కూడా దీనికోసమే. తనవల్ల నష్టపోయినవాళ్లు ఇవాళ ఎలా ఉన్నారో ఇతనికి తెలుసా? జరిగినదంతా పోలీసుల కుట్ర, లాయరు మోసం, స్నేహితుల ద్రోహం అని చెప్పేవాడి కథలో దెబ్బ తిన్న మనిషి కనిపించడు. అలాంటి కథ విన్నప్పుడు నా కలం ఆగేది. మీరూ ఆగండి.

ఇంకో సంగతి. నిజం చెప్పడానికి కొంత వ్యవధి పడుతుంది. మొదటి రోజే చెప్పలేదని తప్పు పట్టకండి. పరిచయం పెళ్లి మాటదాకా వచ్చేలోపు చెబితే చాలు. మీరు కనిపెట్టాక ఒప్పుకున్నాడంటే అది వేరే లెక్క. కనిపెట్టాక కూడా సగం చెప్పి సగం దాచాడంటే ఇక లెక్కే అక్కర్లేదు.

3. కాగితం చూడండి

అతని మాట మీద నమ్మకముంటే కాగితం చూడటం అవమానం అనుకుంటారు పిల్లలు. నిజం చెప్పినవాడికి కాగితంతో భయం ఉండదు.

ఈకోర్ట్స్ అనే సర్కారీ వెబ్‌సైటు, యాప్ ఉన్నాయి, డబ్బులు అక్కర్లేదు. రాష్ట్రం, జిల్లా, కోర్టు సముదాయం ఎంచుకుని, పేరూ సంవత్సరమూ కొడితే కేసులు వస్తాయి. నడుస్తున్నవీ ముగిసినవీ విడివిడిగా ఉంటాయి కాబట్టి రెండూ చూడాలి. స్టేషన్ పేరు, ఎఫ్‌ఐఆర్ నంబరు తెలిస్తే ఇంకా తేలిక. మన పేర్లతో ఒక చిక్కుంది. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటుంది. ఇంగ్లీషు స్పెల్లింగు గుమాస్తాకొక రకంగా మారుతుంది. ముద్దుపేరు 'అలియాస్' కింద ఉంటుంది. అందుకని నాలుగైదు రకాలుగా కొట్టి చూడండి. దొరికిందే తడవుగా నిర్ణయానికి రాకండి. తండ్రి పేరు, ఊరు, వయసు సరిపోవాలి. ఒకే పేరున్న వేరే మనిషి కేసు చూసి పెళ్లి మానుకున్నవాళ్లు నాకు తెలుసు.

ఛార్జిషీటులో అతను మొదటి నిందితుడా (ఏ1), ఏడోవాడా (ఏ7) అన్నది చూడాలి. కుటుంబ తగాదాల్లో ఊళ్లో లేనివాణ్ణి కూడా చివర్లో చేరుస్తారు. సైటులో ఎక్కనివీ ఉంటాయి, పాత కేసులు ముఖ్యంగా. అలాంటప్పుడు ఆ ఊరి కోర్టులో తెలిసిన లాయరుకు ఫీజిచ్చి నకళ్లు తీయించుకోండి. అమెరికాలో అబ్బాయైతే అక్కడి కోర్టు రికార్డులు చాలామటుకు ఎవరైనా చూడొచ్చు. ఇంగ్లండు, వేల్స్‌లో 2014 నుంచి ఇంకో వెసులుబాటు ఉంది. మాజీ ప్రియుడి చేతిలో 2009లో హత్యకు గురైన క్లేర్ వుడ్ పేరుతో దాన్ని 'క్లేర్స్ లా' అంటారు. తన భాగస్వామికి ఇంట్లో ఆడవాళ్లను హింసించిన చరిత్ర ఉందేమోనని పోలీసులను అడగవచ్చు. అక్కడ చదువుకునే మన పిల్లలకు ఈ సంగతి తెలిసి ఉండాలి.

పద్దెనిమిది నిండకముందు చేసిన తప్పు కాగితాల్లో దొరకదు, దొరక్కూడదు కూడా. ఘోర నేరాల్లో పెద్దవాళ్లలా విచారణ ఎదుర్కొన్న పదహారు దాటినవాళ్లను మినహాయిస్తే, మిగతా పిల్లలకు ఆ మచ్చ అంటకూడదని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం చెబుతుంది. అతనే నోరు విప్పి చెబితే వినండి. విన్నదాన్ని రేపు గొడవలో బయటికి తీయకండి.

4. కేసు కొట్టేశారన్నంత మాత్రాన సరిపోదు

కేసు పోవడానికి చాలా దార్లున్నాయి. నిర్దోషి అని కోర్టు తేల్చడం ఒకటి. సాక్ష్యం చాలక సంశయ లబ్ధి కింద వదిలెయ్యడం ఒకటి. లోక్ అదాలత్‌లో రాజీ ఒకటి. సాక్షులు అడ్డం తిరగడం మరొకటి. తీర్పు చివరి పేజీ ఒక్కటీ చూసి ఊరుకోకండి. లోపల పీడబ్ల్యూ1, అంటే ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి, ఎవరు, ఏం చెప్పారు, ఎక్కడ మాట మార్చారు అన్నది చదవండి. ఆ మొదటి సాక్షి ఒకప్పటి భార్య అయి ఉండి, మొదట దెబ్బలు చూపించి తర్వాత "నాకేం గుర్తులేదు" అని ఉంటే ఆ పేజీ దగ్గర చాలాసేపు కూర్చోండి.

ఇవాళ రెండో సంబంధాల్లో ఎక్కువగా వినిపించేది భార్యను హింసించారని పెట్టే 498ఏ కేసు. 2024 జూలై 1 నుంచి జరిగినవాటికి భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్. "మా వాడిమీద తప్పుడు కేసు పెట్టిందండీ" అని పెళ్లికొడుకు తల్లి మొదటి కాఫీలోనే అంటుంది. ఆ కేసుల్లో పెళ్లయి వెళ్లిపోయిన ఆడబిడ్డనూ, మంచంలో ఉన్న ముసలాయననూ కలిపి రాయించడం నేను చూశాను. నిజంగా కొట్టి, పుట్టింటికి తరిమి, పెద్దమనుషుల్లో ఎంతో కొంత ముట్టజెప్పి రాజీ చేసుకున్నవాళ్లను అంతకంటే ఎక్కువ చూశాను. ఏది నిజమో తేల్చుకోవడానికి నాకు తెలిసిన దారి ఒక్కటే: ఆ మొదటి భార్యతో మాట్లాడటం. మీరు వెళ్లలేకపోతే వరసైన పెద్దావిడను పంపండి. ఆవిడ తిడుతుందనో ఏడుస్తుందనో వెనకాడకండి. ఎక్కువమంది నెమ్మదిగానే మాట్లాడతారు, తర్వాత వచ్చే పిల్లమీద వాళ్లకు పగేమీ ఉండదు.

పిల్లలుంటే ఇంకో లెక్క చూడండి. కోర్టు వేసిన మనోవర్తి నెలనెలా కడుతున్నాడా, బకాయి పడి వారెంటు వచ్చాక కడుతున్నాడా? కన్నబిడ్డ స్కూలు ఫీజు ఎగ్గొట్టినవాడు మీ బిడ్డకు కడతాడని నమ్మడానికి నాకు ఆధారం కనిపించదు.

5. వద్దు అని చెప్పేవి

పసిపిల్లల మీద లైంగిక నేరం రుజువైనవాడితో బంధం వద్దు. అతను మారాడా లేదా అనే చర్చకు నేను రాను. మీకు పిల్లలుంటే అసలే వద్దు. 2018లో మొదలైన లైంగిక నేరస్థుల జాతీయ డేటాబేస్ పోలీసులకు తప్ప మనకు కనిపించదు, కాబట్టి జాగ్రత్త మనమే పడాలి.

తనతో బతికిన ఆడమనిషిని కొట్టినవాడు, ఒకరి తర్వాత ఒకర్ని అలాగే చేసినవాడు, వద్దు. వీధిలో ఎవరితోనో కొట్టుకున్నవాడికీ ఇతనికీ పోలిక లేదు. వీధిలో చెయ్యెత్తినవాడు ఇంట్లో మెత్తగా ఉన్న సందర్భాలు చూశాను. ఇంట్లో చెయ్యెత్తినవాడు రెండో ఇంట్లో మారడం చాలా అరుదు. పరిచయంలోనే మీ ఫోను లాక్కోవడం, ఎక్కడున్నావో వీడియో కాల్‌లో చూపించమనడం, మీ చెయ్యి బిగించి పట్టుకుని వదలకపోవడం ఉంటే కేసు ఉన్నా లేకపోయినా లేచి వచ్చెయ్యండి. అడ్డొస్తే 112కి ఫోన్ చెయ్యండి. 181 మహిళా హెల్ప్‌లైన్ కూడా ఉంది.

6. ఊరి పేరూ కులమూ నేరం కావు

1871లో తెల్లవాళ్లు చేసిన చట్టం కొన్ని కులాలకు కులాలనే నేరస్థులని రాసేసింది. పుట్టిన బిడ్డ కూడా ఆ జాబితాలోవాడే. అలా ముద్ర పడిన ఎరుకలవాళ్లను సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతుల్లో పెట్టి 1913లో స్టూవర్టుపురం సెటిల్‌మెంటు కట్టించారు. ఆ చట్టం 1952లో పోయింది. మనసుల్లోంచి పోలేదు. కవి జాషువా గారి అమ్మాయి హేమలతా లవణం, భర్త లవణం గారితో కలిసి ఆ ఊరిలో ఏళ్ల తరబడి పనిచేశారు. అక్కడి పిల్లలు ఇవాళ టీచర్లుగా, ఉద్యోగులుగా ఉన్నారు. అయినా పెళ్లిచూపుల్లో ఊరి పేరు చెప్పడానికి తటపటాయిస్తారు, పక్క ఊరి పేరు చెబుతారు. వాళ్లమీద ఏ కేసూ లేదు. ఆ తటపటాయింపును మోసం అనకండి. దానికి కారణం మనం.

7. మీ పేరు మీద ఏదీ పెట్టకండి

పెళ్లికి ముందు జామీను పడకండి. మీ నాన్నగారి పొలం పాసుపుస్తకం కోర్టులో పెట్టి, అతను వాయిదాకు రాకపోతే, ఆ బాండు సొమ్ము మీ ఇంట్లో వసూలు చేస్తారు. మీ ఆధార్ మీద సిమ్ము తీసివ్వకండి. మీ బ్యాంకు ఖాతాలోకి అతని స్నేహితులు డబ్బు వేస్తామంటే ఒప్పుకోకండి. బండి మీ పేరున కొని తాళం అతనికి ఇవ్వకండి. ఆ బండిలో ఏం దొరికినా మొదటి ఫోను మీకు వస్తుంది. మనిషి మంచివాడైతే ఇవేవీ మిమ్మల్ని అడగడు. ప్రేమించానన్న మొహమాటంతో ఇచ్చి, కోర్టు వరండాలో నిలబడ్డ చదువుకున్న పిల్లల ముఖాలు నేను మర్చిపోలేను.

8. మార్చే పని మీరు తలకెత్తుకోకండి

మారినవాణ్ణి చేసుకోండి. మారుస్తానని చేసుకోకండి. ముఖ్యంగా తాగుడు. నేను రాసిన దెబ్బలాట కేసుల్లో మందు లేనివి తక్కువ. ఏడాదిగా ముట్టలేదంటే మంచిదే. పెళ్లి పందిట్లో, స్నేహితుడి పుట్టినరోజులో, ఎవరైనా చచ్చిపోయిన ఇంట్లో ఎలా ఉన్నాడో కనుక్కోండి. చేస్తున్న పనిలో ఎన్నాళ్లుగా ఉన్నాడు, ఆ యజమాని ఏమంటాడు అన్నవి పది ప్రమాణాల కంటే ఎక్కువ చెబుతాయి.

9. జైలు అలవాట్లు

లోపల చాలాకాలం ఉన్నవాడు గబగబా తింటాడు. పొద్దుండగానే అన్నం తిని లోపలికి వెళ్లిపోయిన ఏళ్లవి. బ్యారక్‌లో రాత్రంతా లైటు వెలుగుతుంది కాబట్టి చీకటి గదిలో నిద్ర పట్టదు. గడియ బయట పెడితే గాభరా పడతాడు. తెల్లవారుజామున ఎవరో లెక్క పెడుతున్నట్టు లేచి కూర్చుంటాడు. చర్లపల్లి, అనంతపురం ఓపెన్ ఎయిర్ జైళ్లలో పొలం పనిచేసి వచ్చినవాళ్లు కాస్త తేలిగ్గా సర్దుకోవడం గమనించాను. నలుగురిలో మాట పెరిగితే అక్కణ్ణించి లేచి వెళ్లిపోతాడు, దాన్ని పొగరు అనుకోకండి. గొడవకు దూరంగా ఉండటం అతను కష్టపడి నేర్చుకున్నది. ఆ వడ్రంగి ఇంట్లో ఇప్పటికీ రాత్రి వరండా లైటు ఆర్పరు. ఆ ఇల్లాలు కరెంటు బిల్లు గురించి ఒక్క మాటా అనదు.

10. ఆడవాళ్ల సంగతి

ఇప్పటిదాకా అతను అతను అంటూ వచ్చాను, వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలు కాబట్టి. జైలుకెళ్లొచ్చిన మగవాడికి తల్లి అన్నం పెడుతుంది, మేనమామ పిల్లను వెదుకుతాడు. జైలుకెళ్లొచ్చిన ఆడదానికి పుట్టింటి తలుపు కూడా తెరుచుకోదు. మగవాళ్ల జైలు దగ్గర ములాఖత్ రోజున క్యారేజీలతో బారులు తీరే ఆడవాళ్లను చూసి, ఆడవాళ్ల జైలు గేటు దగ్గరికి వెళితే ఆ ఖాళీ గుండెలో గుచ్చుకుంటుంది. ఆరేళ్లలోపు బిడ్డను తల్లితో ఉండనిస్తారు; ఆరు నిండాక ఆ బిడ్డ ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియని తల్లులున్నారు.

అలాంటి ఒకావిడను, భర్త హత్య కేసులో రిమాండులో ఉండి నిర్దోషిగా బయటపడినామెను, ఆర్టీసీ మెకానిక్ ఒకాయన చేసుకున్నాడు. ఊరంతా ఆయన్ని "భయం లేదా?" అని అడిగింది. ఆమె తీర్పు ఎవరూ చదవలేదు, ఆయన చదివాడు. అబ్బాయిలూ, మీకూ పైన రాసినవన్నీ వర్తిస్తాయి, కాగితం చూడటంతో సహా. చూశాక మనసు ఒప్పుకుంటే మీ అమ్మ మాటకు దడిసి వెనక్కి తగ్గకండి. ఆమెకు రెండో అవకాశం ఇచ్చేవాళ్లు చాలా తక్కువమంది.

11. తల్లిదండ్రులకు

పిల్ల మీ దగ్గరికి వచ్చి చెప్పిందంటే మిమ్మల్ని నమ్మింది. అరిచి గదిలో పెట్టి తాళం వేస్తే ఆ రాత్రే ఇద్దరూ వెళ్లిపోతారు, మీరు అడగాల్సినవి ఎవరూ అడగరు. కిడ్నాప్ కేసు పెట్టి అతని మీద ఇంకో కేసు చేర్చకండి. అతన్ని ఇంటికి పిలిచి, కాఫీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని అడగండి.

మీ అబ్బాయి మీదే కేసుంటే దాచకండి. ఎన్నికల్లో నిలబడేవాడు తన కేసుల వివరాలు అఫిడవిట్‌లో రాసివ్వాలి. పెళ్లికి అలాంటి కాగితం లేదు కాబట్టి ఆ బాధ్యత మీది. హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ ప్రకారం ముఖ్యమైన సంగతి దాచి మోసం చేస్తే, తెలిసిన ఏడాదిలోపు ఆ పెళ్లి రద్దు చెయ్యమని కోర్టుకు వెళ్లవచ్చు. తెలిశాక కూడా ఇష్టపూర్వకంగా కాపురం చేస్తే ఆ దారి మూసుకుపోతుంది. ఏది ముఖ్యమైన సంగతో కోర్టు చూస్తుంది. అమెరికా పంపాలనుకుంటే వీసా ఫారం డీఎస్-160 ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతుంది, క్షమాభిక్ష పొందిన కేసైనా సరే చెప్పమంటుంది. కేసు ఉన్నవాళ్లకు కూడా వీసా రావచ్చు. అక్కడ అబద్ధం రాసి దొరికితే జీవితమంతా తలుపు మూసుకుపోవచ్చు. కేసు ఇంకా నడుస్తుంటే పాస్‌పోర్టుకే కోర్టు అనుమతి కావాలి. ఇవన్నీ సంబంధం ఖాయం కాకముందే మాట్లాడుకోవాల్సినవి.

12. పిల్లలకు ఎవరు చెప్పాలి

కాపురం బాగానే సాగిపోతుంది, బిడ్డ బడికి వెళ్లే దాకా ఎవరికీ ఈ ప్రశ్న తట్టదు. తర్వాత ఒకరోజు తోటిపిల్లాడు "మీ నాన్న జైలుకెళ్లాడట కదా" అంటాడు. అలా తెలియకూడదు. అమ్మమ్మ చెప్పకూడదు, మేనత్త చెప్పకూడదు. బిడ్డకు తొమ్మిది, పదేళ్లు వచ్చేసరికి తండ్రే చెప్పాలి, తల్లి పక్కన కూర్చోవాలి. "నేను ఒక మనిషికి చాలా చెడు చేశాను, దానికి శిక్ష అనుభవించాను" అన్నంత చిన్నగా, అబద్ధం లేకుండా చెప్పాలి. పిల్లలు ఆ రోజు ఎక్కువ అడగరు. వారం తర్వాత, నెల తర్వాత, బండి మీద వెళుతుండగా అడుగుతారు. అప్పుడు బండి పక్కకు ఆపి, అడిగినంతకు జవాబు చెప్పాలి.